నడుస్తున్న గ్రాంటుకు అదనపు నిధులు: పాత పని పెరిగిందా, కొత్త పని మొదలైందా?

నాలుగేళ్ల ప్రాజెక్టుకు నిధులు వచ్చాయి. రెండో ఏడు దాటేసరికి ఒక ఫలితం అనుకోని దారి చూపించింది. ఆ దారిన పోవాలంటే ఇంకో మనిషి కావాలి, ఇంకో పరికరం కావాలి, మరిన్ని నమూనాలు సేకరించాలి. చేతిలో ఉన్న డబ్బేమో మొదట రాసుకున్న పనికి సరిపడా లెక్కగట్టి ఇచ్చినది. అప్పుడు ల్యాబులో వినిపించే ప్రశ్న ఒకటే: "ఉన్న గ్రాంటు మీదే ఇంకొంచెం అడగొచ్చా?"

అడగొచ్చు. చాలా నిధుల సంస్థలు ఏదో ఒక రూపంలో ఇందుకు వీలు కల్పించాయి. చిక్కల్లా ఆ "ఇంకొంచెం" అనే మాటతోనే. అడిగేవాళ్ల దృష్టి ఎంత డబ్బు అనే దానిమీద ఉంటుంది. ఇచ్చేవాళ్లు ముందుగా చూసేది వేరు: మేం ఒప్పుకున్న పరిశోధన ఇదేనా, లేక దీని పేరు మీద ఇంకొకటా? మంచి ఆలోచనలున్న దరఖాస్తులు కూడా తప్పు తలుపు తట్టి వెనక్కి రావడానికి ఈ తేడాయే ప్రధాన కారణం అని నా నమ్మకం. అందుకే ముందు మాటల చిక్కు విప్పుకుందాం.

ఒకే కోరిక, ఐదు వేర్వేరు దారులు

గ్రాంటును "పెంచడం" అని మనం మాటవరసకు అనేదాని కింద కనీసం ఐదు పద్ధతులున్నాయి.

అన్నిటికంటే చిన్నది పద్దుల మార్పు, అంటే రీబడ్జెటింగ్. మొత్తం మారదు. ప్రయాణాల హెడ్‌లో మిగిలిన డబ్బును రసాయనాల హెడ్‌లోకి మళ్లించుకోవడం. చాలాచోట్ల ఒక హద్దు వరకు దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తర్వాతది గడువు పొడిగింపు. ల్యాబుల్లో అందరూ నో-కాస్ట్ ఎక్స్‌టెన్షన్ అనే అంటారు. ఇక్కడ దొరికేది కాలం మాత్రమే. మిగిలిన డబ్బుతోనే ఇంకొన్ని నెలలు నెట్టుకురావాలి.

మూడోది సప్లిమెంటు. ఒప్పుకున్న పనినే పూర్తి చేయాలి, కానీ దరఖాస్తు రాసిన రోజున ఊహించలేని ఖర్చు మీద పడింది. దానికిచ్చే అదనపు సొమ్ము ఇది. చాలా సంస్థల్లో దీన్ని బయటి నిపుణులకు పంపరు. సంస్థలోని ప్రోగ్రామ్ ఆఫీసరు, ఆయన పైవాళ్లు చూసి తేలుస్తారు.

నాలుగోది పోటీ విస్తరణ, కాంపిటీటివ్ రివిజన్. ఇక్కడ పని పరిధే పెరుగుతుంది. కొత్త లక్ష్యం చేరుతుంది. కాబట్టి నిపుణుల సమీక్షకు వెళ్లాల్సిందే, మిగతా దరఖాస్తులతో పోటీ పడాల్సిందే. పాత గ్రాంటు ఉండటం వల్ల పరిచయం ఉంటుంది తప్ప మినహాయింపు ఉండదు.

ఐదోది రెన్యూవల్. ఇది గ్రాంటు కాలం ముగిసే వేళ, సాధించినదాన్ని చూపించి మరో విడత అడగడం.

మాటలు కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. పత్రికకు పంపిన వ్యాసం దిద్దడాన్ని "రివిజన్" అంటాం, తిరస్కరించిన దరఖాస్తును దిద్ది మళ్లీ పంపడాన్ని కూడా కొందరు అదే మాటతో పిలుస్తారు. నిధుల సంస్థ దృష్టిలో మాత్రం అది నడుస్తున్న గ్రాంటు విస్తరణ. "ఎక్స్‌టెన్షన్" కథా ఇంతే. మామూలుగా అది డబ్బు లేని గడువు. కానీ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్‌లో, విశేషమైన సృజనాత్మకత కనబరిచిన ప్రాజెక్టులకు రెండేళ్ల వరకు నిధులతో సహా ఇచ్చే పొడిగింపు ఒకటుంది. ఒకే మాట ఒకచోట ఖాళీ సంచి, ఇంకోచోట నిండు సంచి.

అసలు ముడి 'పరిధి' దగ్గరే

ఊహాజనితమైన ప్రాజెక్టు ఒకటి తీసుకుందాం. మురుగునీటిలో యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా వాటా రుతువులను బట్టి ఎలా మారుతుంది? ఇదీ ఒప్పుకున్న ప్రశ్న. నాలుగు చోట్ల, నాలుగేళ్లపాటు నమూనాలు తీయాలి. రెండున్నరేళ్లు గడిచాయి. ల్యాబు వాళ్లు తమకు కావలసినవి ఒక కాగితం మీద రాసుకున్నారు.

మొదటి కోరిక: పరీక్షల కిట్ల ధర బాగా పెరిగింది, ఆ తేడా కావాలి. ప్రశ్న అదే, పద్ధతి అదే. ఇది పరిధి లోపలి ఖర్చు. పద్దులు సర్దుకున్నా చాలకపోతే సప్లిమెంటు అడగడానికి తగిన సందర్భం.

రెండో కోరిక: నమూనాలు దాచే డీప్ ఫ్రీజరు చెడిపోయింది, కొత్తది కావాలి. పరిధి లోపలిదే. కానీ ఇక్కడ వేరే ప్రశ్న లేస్తుంది. ఇలాంటి సాధారణ వసతి కల్పించడం ఆ విశ్వవిద్యాలయం బాధ్యత కాదా? ఒక్క ప్రాజెక్టుకే వాడే పరికరమా, భవనమంతా వాడుకునేదా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

నాలుగో కోరిక ముందు చెప్పి మూడోదానికి వస్తాను, ఎందుకంటే నాలుగోది తేలిక. బ్యాక్టీరియాతో పాటు వైరస్‌లనూ చూస్తాం అన్నారు. అదే నీరు, అదే సీసా, అదే మనిషి సేకరణ. ల్యాబులో ఉన్నవాళ్లకు ఇది చిన్న అడుగులాగే కనిపిస్తుంది. అయినా ఇది పరిధి బయటిదే. మొదటి సమీక్షకులు వైరస్‌ల ప్రశ్నను తూచలేదు, ఆ పద్ధతులను పరిశీలించలేదు, ఈ బృందానికి ఆ అనుభవం ఉందో లేదో చూడలేదు. దీనికి పోటీ విస్తరణో, కొత్త గ్రాంటో తప్ప దారి లేదు.

ఇప్పుడు మూడోది: నాలుగు చోట్లకు బదులు ఆరు చోట్ల నమూనాలు తీస్తాం. ఇది లోపలా, బయటా? అంకెను చూసి చెప్పలేం. మొదటి నాలుగింటిలో రెండు శుద్ధి కేంద్రాలు మధ్యలో పద్ధతి మార్చుకున్నాయనుకోండి. వాటి పాత, కొత్త లెక్కలు పోల్చడానికి వీల్లేకుండా పోయింది. రుతువుల ప్రశ్నకే జవాబు దొరకాలంటే మరో రెండు కావాలి. అప్పుడు ఇది లోపలిదే. అలా కాక, నివాస ప్రాంతాల నీటితో పరిశ్రమల నీటిని పోల్చాలని రెండు కొత్త చోట్లు కలుపుతున్నారనుకోండి. పోలిక అనే కొత్త ప్రశ్న వచ్చి చేరింది. అది బయటిది. అవే రెండు చోట్లు, అదే ఖర్చు, కానీ ఒకటి సప్లిమెంటు, మరొకటి విస్తరణ. "ఏం చేస్తాం" అన్నదానికంటే "ఎందుకు చేస్తాం" అన్నది పరిధిని నిర్ణయిస్తుంది.

ఐదో కోరిక, లెక్కలు విశ్లేషించే మనిషికి నాలుగేళ్లు దాటాక మరో ఏడాది జీతం. చాలా సంస్థల్లో అదనపు డబ్బు అసలు గ్రాంటు గడువును దాటి పోలేదు. కాబట్టి ఇది ముందు గడువు ప్రశ్న, ఆ తర్వాతే డబ్బు ప్రశ్న.

పరిధికి గీసే ఈ గీత మీద పరిశోధకులకు ఉన్న అభ్యంతరం తేలికైనదేం కాదు. పరిశోధన అంటేనే తెలియనిదాన్ని వెతకడం. దారిలో దొరికినదాన్ని వదిలేసి రాసిచ్చిన కాగితానికి కట్టుబడి ఉండటం శాస్త్రం కాదు, గుత్తపని అంటారు వాళ్లు. అది నిజమే. ఇచ్చేవాళ్ల వాదన కూడా నిజమే: పదిమందితో పోటీపడి గెలిచిన ప్రశ్నకు డబ్బు ఇచ్చాం, పోటీలోకే రాని ప్రశ్నకు అదే దారిన డబ్బు పోతే ఓడిపోయిన ఆ పదిమందికీ అన్యాయం. గీత అవసరం. అది ఎక్కడ గీయాలన్నదే ఎడతెగని చర్చ.

సంస్థ మారితే తలుపు మారుతుంది

అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ ఈ రెండు దారులనూ స్పష్టంగా విడదీసింది. పరిధి లోపలి, ముందుగా ఊహించని ఖర్చుకు అడ్మినిస్ట్రేటివ్ సప్లిమెంటు ఉంది. పరిధి పెంచడానికి కాంపిటీటివ్ రివిజన్ ఉంది. పద్దుల మార్పు మీద కూడా అక్కడ ఆసక్తికరమైన కొలత ఒకటుంది. ఏదైనా ఒక ప్రత్యక్ష ఖర్చు పద్దు (జీతాలు, రసాయనాల్లా నేరుగా పరిశోధనకయ్యేది), ఒప్పుకున్నదానికంటే మొత్తం మంజూరులో 25 శాతానికి మించి పక్కకు జరిగితే, పరిధి మారి ఉండొచ్చన్న సూచనగా దాన్ని చూస్తారు. అంటే కొత్త డబ్బు అడగకుండానే, ఉన్న డబ్బును కదిపినంత మాత్రానే పరిధి ప్రశ్న లేవొచ్చు.

ఎన్‌ఎస్‌ఎఫ్ మాట ఇంకా పొదుపైనది. అసాధారణ పరిస్థితుల్లో, మొదట ఒప్పుకున్న పని సరిగా పూర్తి కావడానికి చిన్న మొత్తాలు, గరిష్ఠంగా ఆరు నెలల అదనపు కాలం అడగొచ్చంటుంది. డబ్బు అవసరమయ్యే తేదీకి కనీసం రెండు నెలల ముందు అడగాలి. చిన్న సప్లిమెంటును ప్రోగ్రామ్ ఆఫీసరు బయటి సమీక్ష లేకుండానే సిఫారసు చేయొచ్చు. పెద్ద మొత్తమైతే బయటి సమీక్ష అవసరం కావచ్చు. జీతాలు పెరిగాయనో, విద్యుత్తు, భవనం లాంటి పరోక్ష ఖర్చులు చాలలేదనో అడిగే సప్లిమెంట్లను సాధారణంగా ఒప్పుకోదు. ఇది చాలామందిని ఆశ్చర్యపరిచే నియమం. ఊహించని ఖర్చు ఏదైనా సరే అడగొచ్చని అనుకుంటాం, కానీ జీతాల పెరుగుదల ముందే ఊహించదగినది అన్నది దీని వెనుక ఉన్న తర్కంగా తోస్తుంది.

జర్మనీలో డీఎఫ్‌జీ అనే పరిశోధన నిధుల సంస్థ నడుస్తున్న ప్రాజెక్టుకు అదనపు దరఖాస్తును ఒకరకంగా, గడువు తర్వాతి కొనసాగింపు దరఖాస్తును మరోరకంగా పేరుపెట్టి వేరుచేసింది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ వైఖరి వేరు. ఒప్పందంలో రాసిన గరిష్ఠ మొత్తాన్ని మామూలుగా పెంచదు. బదులుగా పక్కన ఇంకో తలుపు పెట్టింది. తన గ్రాంటు పొందినవాళ్లకే, ఆ పరిశోధన ఫలితాన్ని వాడుకలోకి తెచ్చే అవకాశం ఉందేమో పరీక్షించుకోవడానికి 'ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్' పేరుతో 1,50,000 యూరోల విడి గ్రాంటు ఇస్తుంది. అదనపు నిధే, కానీ పాత గ్రాంటు మీద కాదు, పాత గ్రాంటు వల్ల.

యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల కార్యక్రమమైన హొరైజన్ యూరప్‌లో హాప్ ఆన్ అనే మరో పద్ధతి ఉంది. పరిశోధనలో వెనుకబడిన సభ్య దేశాల నుంచి ఒక కొత్త సంస్థను, నడుస్తున్న ప్రాజెక్టులోకి అదనపు నిధులతో సహా చేర్చుకోవచ్చు. భాగస్వాములందరూ ఒప్పుకోవాలి. ఇక్కడ పని విస్తరణతో పాటు బృందం విస్తరణ కూడా లక్ష్యం.

"చేతిలో ఉన్నది ఏమైంది?" అనే మొదటి ప్రశ్న

అదనపు నిధి అడగ్గానే ఎదురయ్యే ప్రశ్న ఇదే. దీన్ని అపనమ్మకంగా తీసుకునేవాళ్లను చూశాను, కానీ ఇది న్యాయమైన ప్రశ్న. మన మురుగునీటి ల్యాబుకు లెక్క వేసి చూద్దాం.

మొత్తం మంజూరు 100 యూనిట్లు, గడువు 48 నెలలు. ఇప్పటికి 30 నెలలు గడిచాయి, అంటే కాలంలో 62.5 శాతం. ఖర్చు 48 యూనిట్లు. పైపైన చూస్తే సగం కంటే ఎక్కువే మిగిలింది. "ఇంత డబ్బు పెట్టుకుని ఇంకా 15 అడుగుతారేమిటి?" అని ఎవరైనా అంటారు.

లోపలికి వెళితే వేరే సంగతి. జన్యుక్రమాలు చదివే ఒక పనిని ముందే బయటి కేంద్రానికి అప్పగించారు, దాని బిల్లు 14 యూనిట్లు ఇంకా రాలేదు. అది ఖర్చయినట్టే. మిగిలింది 38. నెలవారీ ఖర్చు చూస్తే 48ని 30తో భాగించగా 1.6. ఇంకా 18 నెలలకు 28.8 కావాలి. కాబట్టి నిజంగా ఖాళీగా ఉన్నది 9.2 యూనిట్లు మాత్రమే.

ఈ 9.2 రెండు వైపులా పదునున్న అంకె. 52 మిగిలిందన్న ఆరోపణ తప్పని అది నిరూపిస్తుంది. అదే సమయంలో 15 కావాలన్న అభ్యర్థనను కూడా తగ్గించేస్తుంది. పద్దులు సర్దుకుంటే 9.2 లోపలి నుంచే వస్తుంది, కొత్తగా కావలసింది 5.8. నిధుల సంస్థ ఆ మిగులును అలాగే ఉంచి మొత్తం 15 ఇవ్వడం అరుదు. ఇలాంటి లెక్క ముందే చూపించిన దరఖాస్తు నమ్మకం కలిగిస్తుంది. చూపించనప్పుడు సంస్థవాళ్లే ఆ లెక్క వేస్తారు, తరచుగా 14 యూనిట్ల బిల్లు సంగతి తెలియకుండా.

అడిగినదంతా ల్యాబుకు చేరదు

పరోక్ష ఖర్చులు, వాడుకలో ఓవర్‌హెడ్, అంటే విద్యుత్తు, భవనం, అకౌంట్స్ విభాగం, ఎథిక్స్ కమిటీ నిర్వహణ లాంటివాటికి ల్యాబు ఉన్న విశ్వవిద్యాలయం తీసుకునే వాటా. 2025 ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ ఈ రేటును అందరికీ 15 శాతంగా చేస్తామని ప్రకటించడం, కోర్టులు దాన్ని అడ్డుకోవడంతో ఈ మాట వార్తల్లోకెక్కింది. రేట్లు ఎలా ఉన్నా, అదనపు నిధుల విషయంలో పొరపాటు జరిగేది రేటు దగ్గర కాదు, దాన్ని దేనిమీద వేస్తారన్న దగ్గర.

ల్యాబుకు నేరుగా 20 యూనిట్లు కావాలి. అందులో 8 ఒక పెద్ద పరికరానికి, 12 జీతాలకు, రసాయనాలకు. ఆ విశ్వవిద్యాలయం రేటు 50 శాతం అనుకుందాం. 20 మీద సగం వేసి మొత్తం 30 అని రాస్తే తప్పు. అమెరికా ఫెడరల్ గ్రాంట్లలో సాధారణంగా పెద్ద పరికరాల ఖర్చు మీద పరోక్ష వాటా పడదు. 12 మీద 6, మొత్తం 26.

దీనికి ఎదురు పొరపాటు ఇంకా బాధాకరం. "20 చాలు" అని మొత్తం దగ్గరే 20 అడిగారనుకోండి. పరికరానికి 8 పోగా 12 మిగిలింది. ఆ 12లో పరోక్ష వాటా కూడా కలిసి ఉంది కాబట్టి ల్యాబు చేతికి వచ్చేది 8. జీతాలకు, రసాయనాలకు 12 కావాలనుకున్నచోట మూడోవంతు ఆవిరైంది. మంజూరైన రోజున సంతోషం, మొదటి నెల జీతం ఇచ్చే రోజున దిగులు.

అమెరికాలో 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ నియమాల సవరణ ఈ లెక్కను కొంత మార్చింది. పరికరంగా గుర్తించే కనీస విలువ 5,000 డాలర్ల నుంచి 10,000కు పెరిగింది. బయటి భాగస్వామికి ఇచ్చే సబ్‌అవార్డులో పరోక్ష వాటా వేసే మొదటి భాగం 25,000 నుంచి 50,000 డాలర్లకు పెరిగింది. పాత నియమాల కింద మొదలైన గ్రాంటుకు కొత్తగా సప్లిమెంటు అడిగేటప్పుడు ఏ నియమం వర్తిస్తుందన్నది మంజూరు పత్రంలోని షరతులను బట్టి తేలుతుంది. యూరప్ పద్ధతి వేరు. హొరైజన్ గ్రాంట్లలో 25 శాతం, డీఎఫ్‌జీలో 22 శాతం అని ఒకే రేటు ఉంటుంది, బేరాలుండవు.

నమూనాలు పెంచుతామన్నప్పుడు వచ్చే చిక్కు

విస్తరణ దరఖాస్తుల్లో తరచుగా కనిపించే మాట "శాంపిల్ సైజు పెంచుతాం". ఇది నిరపాయంగా కనిపిస్తుంది. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ డబ్బు ప్రశ్నలో శాస్త్రీయ నిజాయితీ ప్రశ్న కలిసి ఉంది.

మొదట లాభం ఎంతో చూద్దాం. అంచనాలో లోపపు మేర నమూనాల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. లోపాన్ని సగం చేయాలంటే నమూనాలు రెట్టింపు చేస్తే సరిపోదు, నాలుగు రెట్లు కావాలి. 300 నమూనాలను 375 చేస్తే, అంటే పావువంతు ఎక్కువ చేస్తే, లోపం తగ్గేది సుమారు 10.6 శాతమే. పావువంతు డబ్బుకు పదోవంతు మెరుగుదల. కొన్నిసార్లు అదే చాలు, కొన్నిసార్లు ఆ డబ్బుకు అర్థం లేదు. ఏదన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది.

ఇక అసలు చిక్కు. నమూనాలు పెంచాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చింది? ఫలితాలు చూశాక "దాదాపు తేలింది, ఇంకొన్ని ఉంటే తేలిపోతుంది" అని అనిపించినప్పుడా? నిజంగా ఏ ప్రభావమూ లేనప్పుడు కూడా ఉందని పొరపడే అవకాశాన్ని 5 శాతానికి పరిమితం చేస్తూ పరీక్ష పెడతాం. కానీ మధ్యలో ఒకసారి చూసి, తేలకపోతే అంతే సంఖ్యలో నమూనాలు కలిపి మళ్లీ అదే గీతతో చూస్తే ఆ అవకాశం సుమారు 8 శాతానికి చేరుతుంది. ఐదుసార్లు అలా చూస్తే 14 శాతం దాటుతుంది. దీనికి మందు లేకపోలేదు. రెండుసార్లు చూస్తామని ముందే నిర్ణయించుకుంటే, ఇలా మధ్యలో చూసే పరీక్షలకు వాడే పోకాక్ అనే గణాంక పద్ధతి ప్రకారం ప్రతిసారీ 5 శాతానికి బదులు సుమారు 2.9 శాతం గీత పెట్టుకోవాలి. మందు పనిచేయాలంటే ఆ నిర్ణయం ఫలితం చూడకముందే జరిగి ఉండాలి.

అందువల్ల ఒకే అభ్యర్థనకు రెండు ముఖాలు. "మొదట అనుకున్నదానికంటే కొలతల్లో హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్నాయి, ఏ కొలత ఏ సమూహానిదో తెలియకుండానే ఇది గమనించాం" అంటే గట్టి కారణం. "ఫలితం ఆశాజనకంగా ఉంది, ఇంకొన్ని కావాలి" అంటే, వినడానికి ఇంకా ఉత్సాహంగా ఉన్నా, బలహీనమైన కారణం. దరఖాస్తు రాసేటప్పుడు రెండో వాక్యమే చేతికి ముందొస్తుంది.

డబ్బుతో పాటు రావలసినవి

అదనపు సొమ్ము వచ్చినంత మాత్రాన పని మర్నాడే మొదలుకాదు. కొత్త మనిషిని వెతకాలి, తీసుకోవాలి, నేర్పాలి. మనుషుల మీదో జంతువుల మీదో చేసే పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతిని కూడా సవరించుకోవాలి, ఎందుకంటే పాత అనుమతి పాత సంఖ్యకే. గడువు ఇంకా 18 నెలలుంటే సరే. ఎనిమిది నెలలే ఉన్నప్పుడు ఇంత పని పడుతుందా అన్న అనుమానం సహజం. గ్రాంటు మొదటి నెలల్లో అడిగినా ఇబ్బందే: అప్పటికి చూపించడానికి ప్రగతి ఉండదు, "ఇది మొదటే ఊహించి ఉండాల్సింది కదా" అన్న మాట వస్తుంది.

అతివ్యాప్తి, అంటే ఓవర్‌ల్యాప్, మరో ముఖ్యమైన మాట. ఎన్‌ఐహెచ్ దీన్ని మూడు రకాలుగా చూస్తుంది. ఒకే శాస్త్రీయ పనికి రెండుచోట్ల నిధులు. ఒకే ఖర్చుకు రెండుచోట్ల డబ్బు. ఒకే మనిషి సమయం నూరు శాతం దాటిపోవడం. మూడోది ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. ప్రధాన పరిశోధకురాలు ఒక గ్రాంటు మీద 40 శాతం, ఇంకోదాని మీద 35, బోధనకు 25 అని రాసి ఉన్నారు. సప్లిమెంటులో తనకు మరో 10 శాతం రాసుకుంటే 110 అవుతుంది. ఎక్కడో 10 తగ్గాలి. ఏ పని నుంచి తగ్గుతుందో చెప్పని దరఖాస్తు, పని నాణ్యత గురించే ప్రశ్న రేపుతుంది.

ఉన్నవాళ్లకే మళ్లీ ఇవ్వడం న్యాయమేనా?

సప్లిమెంటు అంటే ఒకసారి గెలిచినవాళ్లకు తేలికపాటి సమీక్షతో మళ్లీ ఇవ్వడం. దీన్ని సమర్థించేవాళ్లు, వ్యతిరేకించేవాళ్లు ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి.

సమర్థనలో మొదటిది వేగం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కొత్త గ్రాంటు ప్రక్రియ కోసం నెలల తరబడి ఆగడం సాధ్యం కాలేదు. అప్పటికే మనుషులు, పరికరాలు, అనుమతులు సిద్ధంగా ఉన్న ల్యాబులకు ఎన్‌ఐహెచ్ అత్యవసర సప్లిమెంట్లు, అత్యవసర విస్తరణలు ఇచ్చింది. రెండోది పొదుపు: సగం కట్టిన ఇంటిని పూర్తి చేయడం కొత్త పునాది తవ్వడం కంటే చవక. ఒక పరికరం చెడిపోయి మూడేళ్ల పని వృథా అయితే నష్టం ల్యాబుకే కాదు, డబ్బు ఇచ్చిన ప్రజలకు కూడా.

వ్యతిరేక వాదన పాతది, బలమైనది. గుర్తింపు ఉన్నవాళ్లకే మరింత గుర్తింపు చేరుతుందన్న ధోరణికి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో 'మాథ్యూ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. 2018లో నెదర్లాండ్స్ నిధుల లెక్కలతో వచ్చిన అధ్యయనం దాన్ని చాలా సూటిగా కొలిచింది. యువ పరిశోధకుల గ్రాంటు పోటీలో ఎంపిక గీతకు కొద్దిగా పైన ఉండి గెలిచినవాళ్లు, కొద్దిగా కింద ఉండి ఓడినవాళ్లు ప్రతిభలో దాదాపు సమానమే. అయినా తర్వాతి ఎనిమిదేళ్లలో గెలిచినవాళ్లకు చేరిన నిధులు ఓడినవాళ్లకంటే రెట్టింపుకు పైనే. తేలిక సమీక్షతో ఇచ్చే అదనపు నిధులు ఈ దూరాన్ని పెంచుతాయన్న భయం అర్థం చేసుకోదగినదే.

మరో ప్రశ్న, ఎక్కువ డబ్బు ఇస్తే ఫలితం కూడా అంతే పెరుగుతుందా? ఎన్‌ఐహెచ్‌లో సాధారణ వైద్యశాస్త్రాల విభాగానికి అధిపతిగా ఉన్న జెరెమీ బెర్గ్ 2010లో తన విభాగం నిధులు పొందిన ల్యాబుల లెక్కలు పరిశీలించారు. ఏటా సుమారు 7,50,000 డాలర్ల దాకా ప్రచురణలు పెరిగి, ఆపైన తగ్గుముఖం పట్టాయి. కెనడా లెక్కలతో ఫోర్టిన్, కరీ అనే పరిశోధకులు 2013లో చేసిన అధ్యయనం కూడా పెద్ద గ్రాంట్లలో ఒక్కో డాలరుకు దక్కే ప్రభావం తక్కువని చూపింది. 2017 మే నెలలో ఎన్‌ఐహెచ్ ఒక్కో పరిశోధకుడి దగ్గర ఉండే గ్రాంట్ల బరువుకు పాయింట్ల లెక్కన హద్దు పెట్టాలని ప్రతిపాదించింది. పెద్ద ల్యాబుల నుంచి నిరసన రావడంతో జూన్‌లోనే వెనక్కి తీసుకుని, యువ పరిశోధకులకు విడిగా నిధులు కేటాయించే దారి ఎంచుకుంది.

ఈ లెక్కలన్నీ ప్రచురణలను, ఉటంకింపులను కొలిచినవి. పదేళ్లు పట్టే ఒక కష్టమైన ప్రయోగం విలువ వాటికి అందదు. అయినా నాకు ఒక తేడా స్పష్టంగా కనిపిస్తోంది. పరిధి లోపలి సప్లిమెంటు మీద ఈ విమర్శ అంతగా తగలదు, అది ఇచ్చిన మాట నెరవేరడానికి పెట్టే ఖర్చు. పరిధి బయటి పనిని సప్లిమెంటు ముసుగులో పంపించినప్పుడే విమర్శ నేరుగా తగులుతుంది, ఎందుకంటే పోటీని తప్పించుకున్నది అక్కడే.

కాదన్నప్పుడు ఏమవుతుంది

అదనపు నిధి నిరాకరించినంత మాత్రాన అసలు గ్రాంటుకు ఏమీ కాదు. పాత మంజూరు పాత షరతులతో కొనసాగుతుంది. సప్లిమెంటు నిరాకరణ ఎక్కువగా రెండు కారణాల వల్ల జరుగుతుంది. అడిగింది పరిధి బయటిదని తేలడం ఒకటి. సంస్థ దగ్గర ఆ ఏడాది సప్లిమెంట్లకు డబ్బు లేకపోవడం రెండోది. రెండోదానికి దరఖాస్తు నాణ్యతతో సంబంధం లేదు. మొదటిదాంట్లో మాత్రం పనికొచ్చే సమాచారం ఉంది: ఈ ఆలోచన ఒక విడి ప్రశ్నగా నిలబడగలదని సంస్థే చెప్పినట్టు. మన మురుగునీటి ల్యాబు వైరస్‌ల ప్రతిపాదన అలా వెనక్కి వస్తే, ఉన్న నమూనాల్లోంచి కొన్నిటిని దాచి ఉంచడానికి పాత గ్రాంటులోనే చోటుంది, కొత్త ఫ్రీజరు వచ్చి ఉంటే. రెన్యూవల్ గడువుకు ఆ సీసాలు ప్రాథమిక ఫలితాలుగా మారి ఉంటాయి.